పిల్లలకి పాకెట్ మనీ: దేనికి ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు, ఎలా మొదలుపెట్టాలి

"క్లాస్ ఫస్ట్ వస్తే సైకిల్ కొనిస్తా." విజయవాడలో పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఈ మాట వినపడుతుంది. టెన్త్‌కి వచ్చేసరికి ఆ సైకిల్ ఫోన్ అవుతుంది, ఇంటర్‌కి వచ్చేసరికి బండి అవుతుంది. ప్రేమతో ఇచ్చే మాటే, తప్పుపట్టడానికి లేదు. కానీ ఫస్ట్ రావడం ఆ పిల్లవాడి ఒక్కడి చేతిలో లేదు. పక్క బెంచీలో కూర్చున్న వాడు ఎంత చదివాడు, పేపర్ ఎలా వచ్చింది, ఎవరు దిద్దారు, ఇవన్నీ కలిస్తేనే ర్యాంకు. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు కూర్చుని లెక్కలు చేయడం మాత్రం పూర్తిగా వాడి చేతిలో ఉంది.

పిల్లలకి డబ్బు ఇవ్వాలనే నేనంటాను. బహుమతులూ ఇవ్వాలి. అయితే ఆ బహుమతి వాళ్ల చేతిలో ఉన్న పనికి దక్కాలి. ఇంట్లో మనిషిగా చేయాల్సిన పనులకి అసలు వెల కట్టకూడదు. ఒకసారి ఇచ్చాక ఆ డబ్బు ఎలా వాడాలన్నది వాళ్ల ఇష్టానికే వదలాలి. ఈ మూడూ ఇంట్లో ఎలా నడపాలో మొదటి నుంచీ చెప్తాను.

ముందు మీ లెక్క తీయండి

ఎంత ఇవ్వాలన్నది పక్కింటి వాళ్లని అడిగి తేల్చుకునేది కాదు. రెండు వారాలపాటు పిల్లల మీద పెట్టే చిల్లర ఖర్చంతా ఒక కాగితం మీద రాయండి. స్కూల్ గేటు దగ్గర ఉప్పూ కారం చల్లిన జామకాయ, సాయంత్రం బండి మీద పునుగులు, పాల ప్యాకెట్ కోసం వెళ్లి కొన్న చిప్స్, స్టిక్కర్లు, పారేసుకున్న రబ్బరు బదులు ఇంకో రబ్బరు. చాలావరకు ఫోన్‌పేలో కొట్టేస్తాం గనక గుర్తుండదు. యాప్‌లో హిస్టరీ తీసి చూస్తే అన్నీ బయటపడతాయి. ఫీజులు, పుస్తకాలు, ఇంటి తిండి, మందులు ఇందులోకి రావు. మిగిలింది సరదా ఖర్చు. అందులో సగం నుంచి ముప్పావు వంతు దాకా పాకెట్ మనీగా పెట్టండి.

ఇలా చేస్తే ఇది కొత్త ఖర్చు కాదు. ఇన్నాళ్లూ మీ చేతి మీదుగా పోయేది ఇకనుంచి వాళ్ల చేతి మీదుగా పోతుంది, అంతే. అందుకే జీతం తక్కువ ఉన్న ఇంట్లో కూడా ఇది కుదురుతుంది. వారానికి 10 రూపాయలే ఇచ్చినా పద్ధతి ఇదే. ఒక్క షరతు ఉంది: ఇవ్వడం మొదలుపెట్టాక ఆ చిప్స్, స్టిక్కర్లు మీ జేబులోంచి కొనకూడదు. రెండు చోట్ల నుంచీ వస్తుంటే వాడు ఎందుకు ఆలోచిస్తాడు?

నాకు తోచిన అంచనా చెప్తాను, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి వారానికి 20 నుంచి 30 రూపాయలు. తొమ్మిది నుంచి పదకొండు దాకా 50 నుంచి 70. పన్నెండు దాటాక 100 నుంచి 150, కానీ పెన్నులు, స్కెచ్‌లు, స్నేహితుల పుట్టినరోజు బహుమతులు కూడా అందులోంచే కొనుక్కోవాలి. పదిహేనేళ్లు వచ్చాక వారం లెక్క ఆపేసి నెలకి ఒకసారి ఇవ్వండి. వయసుతో డబ్బు పెరిగిన ప్రతిసారీ బాధ్యత కూడా పెరగాలి. అక్కకి ఎక్కువ, తమ్ముడికి తక్కువ ఉంటే గొడవ రాక మానదు. "అక్క తన పెన్నులు తనే కొనుక్కుంటోంది, నువ్వూ ఆ వయసుకి వచ్చాక నీకూ అంతే" అని ఒక్కసారి స్పష్టంగా చెప్తే సరిపోతుంది.

నాణేలు గుర్తుపట్టి ఇరవై దాకా తప్పు లేకుండా లెక్కపెట్టగలిగితే మొదలుపెట్టవచ్చు. అంతకంటే చిన్నవాళ్లకి నాణేలతో ఆటలు చాలు. భోగి రోజు సాయంత్రం భోగిపళ్లు పోసినప్పుడు రేగిపళ్లతో పాటు చిల్లర కూడా పడుతుంది కదా. మర్నాడు ఆ చిల్లరని ముందేసుకుని రూపాయి, రెండు, అయిదు వేరు చేయించండి. రెండు రెండు రూపాయల నాణేలూ ఒక రూపాయి కలిస్తే అయిదు అవుతుందని చేత్తో పేర్చి చూపిస్తే, పుస్తకంలో కూడికలకంటే త్వరగా పడుతుంది.

ఇచ్చే రోజు ఒకటి పెట్టుకోండి. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక అనుకుంటే ప్రతి ఆదివారం అదే సమయం. వాళ్లు అడిగే దాకా ఆగకండి. మీరు మాట తప్పితే, చేతిలో ఉన్నది ఇప్పుడే ఖర్చు పెట్టేయాలి, మళ్లీ వస్తుందో రాదో అన్న భయం వాళ్లకి పట్టుకుంటుంది. ఆ భయం ఉన్నచోట పొదుపు నిలవదు. నోటు ఇవ్వకుండా చిల్లరగా ఇవ్వండి, పంచుకోవడానికి వీలుగా ఉంటుంది.

మూడు సీసాలు

మట్టి హుండీ అందంగా ఉంటుంది గానీ, దాన్ని నేను చిన్నపిల్లలకి సిఫారసు చేయను. వేసింది కనపడదు, పగలగొడితే తప్ప బయటికి రాదు. అందులో వేయడం పిల్లవాడికి డబ్బు పోగొట్టుకున్నట్టే ఉంటుంది. ఖాళీ అయిన పచ్చడి సీసాలు మూడు కడిగి ఆరబెట్టండి. ఒకదాని మీద "ఖర్చు", ఇంకోదాని మీద "దాచేది", మూడోదాని మీద "ఇచ్చేది" అని వాళ్ల చేతే రాయించండి. 30 రూపాయలు ఇస్తే 15, 10, 5గా పంచుకోవచ్చు. నిష్పత్తి మీరు సూచించండి, చేతులతో వేయడం వాళ్లే చేయాలి.

"దాచేది" సీసా మీద ఒక బొమ్మ అతికించాలి, దాని కింద ధర రాయాలి. ఏడేళ్ల పిల్లకి మూడు నాలుగు వారాల్లో అందే వస్తువు పెట్టుకోవాలి. ఆరు నెలలు పట్టేదైతే మధ్యలోనే ఆశ వదిలేస్తుంది. కాస్త పెద్దవాళ్లకి మన ఊళ్లో ఒక మంచి గురి ఉంది: ఏటా సాధారణంగా జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం. దసరా సెలవుల నుంచి దాచుకుంటే అప్పటికి మూడు నాలుగు పుస్తకాలకి సరిపడా పోగవుతుంది. తన డబ్బుతో కొన్న పుస్తకాన్ని పిల్లలు పట్టుకునే తీరే వేరు. పేరు రాసుకుంటారు, అట్ట వేసుకుంటారు, ఎవరికైనా ఇచ్చేముందు పదిసార్లు ఆలోచిస్తారు.

సైకిల్ లాంటి పెద్ద వస్తువైతే మీరు జత కలవండి: వాడు వంద దాచిన ప్రతిసారీ మీరు ఇంత వేస్తారని ముందే చెప్పండి. ర్యాంకు వస్తే సైకిల్ అనడం కంటే ఇది ఎంతో మేలు. ఎంత దాచాలన్నది వాడి చేతిలో ఉంది.

"ఇచ్చేది" సీసాని గుళ్లో హుండీకే పరిమితం చేయకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన ఊళ్లో సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, మా అమ్మాయి తన సీసా తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఆ డబ్బుతో బిస్కెట్ ప్యాకెట్లు కొని, తీసుకెళ్తున్న వాళ్లకి అందించాం. మొత్తం చిన్నదే. కానీ తన దగ్గర ఇవ్వడానికి వేరుగా పెట్టుకున్నది ఉందని ఆ పిల్లకి ఆ రోజు తెలిసింది. ఎవరికి ఇవ్వాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి, వీధికుక్కకి బిస్కెట్లయినా సరే.

ఏ పనికి డబ్బు, ఏ పనికి కాదు

పాకెట్ మనీని ఇంటి పనులతో ముడిపెట్టకండి. వారం వారం ఇచ్చేది వాడు మన ఇంటి మనిషి కాబట్టి ఇస్తున్నాం. పని చేస్తేనే ఇస్తానంటే, ఏదో ఒక ఆదివారం "నాకు ఈ వారం డబ్బు అక్కర్లేదు, నేను కంచం తీయను" అంటాడు. అప్పుడు మీ దగ్గర సమాధానం ఉండదు, ఎందుకంటే బేరం పెట్టింది మీరే.

కూర్చుని పనులన్నీ ఒక కాగితం మీద మూడు వరసలుగా రాయండి. మొదటి వరస, అందరూ ఊరికే చేసేవి: తిన్న కంచం తీయడం, పక్క సర్దడం, బ్యాగ్ సర్దుకోవడం, విడిచిన యూనిఫాం బుట్టలో వేయడం, మంచినీళ్ల సీసాలు నింపడం. మొగపిల్లలకీ ఆడపిల్లలకీ ఒకే వరస ఉండాలి. కంచాలు అమ్మాయి తీసి, బండి తుడిచి డబ్బులు అబ్బాయి తీసుకునే ఇల్లు కాకూడదు.

రెండో వరస, అదనంగా చేస్తే డబ్బు వచ్చేవి. పాత పేపర్లు కట్టలు కట్టి తూకానికి వేయడం వీటిలో నాకు బాగా నచ్చినది. పేపర్ల కొట్టు అతను కాటా పెట్టినప్పుడు పక్కనే నిలబడి తూకం చూడమనండి, కిలో ఎంతో అడగమనండి, గుణించి మొత్తం చెప్పమనండి. వచ్చినదాంట్లో సగం వాళ్లకి. జూన్‌లో తమ్ముడి పుస్తకాలకి అట్టలు వేయడం, నాన్న బండి కడగడం, సంక్రాంతి ముందు ఫ్యాన్ రెక్కలు, కిటికీ ఊచలు తుడవడం కూడా ఇందులోకి వస్తాయి. రేటు ముందే చెప్పాలి. పని సగంలో వదిలేస్తే డబ్బు లేదు. బాగా చేయకపోతే ఎక్కడ బాలేదో చూపించి మళ్లీ చేయించండి, తర్వాత పూర్తిగా ఇవ్వండి.

మూడో వరస, ఎప్పటికీ వెల కట్టకూడనివి. నాయనమ్మకి మందులు అందించడం, చెల్లిని ఆడించడం, జ్వరంగా ఉన్న అమ్మకి మంచినీళ్లు తేవడం, చుట్టాలొచ్చినప్పుడు పలకరించడం, అన్నం తినడం. "ఈ ముద్ద తింటే పది రూపాయలు" అని ఒక్కసారి అన్నా, ఆకలి కూడా బేరం లోకి వచ్చేస్తుంది.

చదువుకి బహుమతి: ఇక్కడ నిదానంగా చదవండి

మార్కులకి డబ్బు ఇస్తే పని చేస్తుందా అని ఎవరికి వారు ఊహించుకోనక్కర్లేదు. అమెరికాలో రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త కొన్ని నగరాల బడుల్లో నిజంగానే పిల్లలకి డబ్బిచ్చి చూశాడు. ఆ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకి, షికాగోలో గ్రేడ్లకి ఇచ్చారు. చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. డల్లాస్‌లో రెండో తరగతి పిల్లలకి ఒక పుస్తకం చదివి, దాని మీద చిన్న క్విజ్ పాసైతే 2 డాలర్లు ఇచ్చారు. అక్కడ పిల్లలు చదివి అర్థం చేసుకోవడం మెరుగైంది. తేడా ఎక్కడుందో గమనించండి. మార్కులకి డబ్బిస్తామన్నప్పుడు పిల్లలకి ఉత్సాహం వచ్చింది గానీ, మార్కులు పెరగాలంటే రేపు పొద్దున ఏం చేయాలో వాళ్లకి తెలియలేదు. పుస్తకం చదవమంటే ఏం చేయాలో తెలుసు: కూర్చుని పుస్తకం తెరవాలి.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో బొమ్మలేయడం ఇష్టపడే పిల్లల మీద లెపర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగం 1973లో వచ్చింది. బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. ఇంకొందరికి ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగతా వాళ్లకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు బొమ్మలేయడం మీద గడిపిన సమయం మిగతా వాళ్లలో సుమారు సగమే. ముందు చెప్పకుండా ఇచ్చిన వాళ్ల ఇష్టం తగ్గలేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మన ఇంటికి కావలసిన నియమం దొరుకుతుంది. పిల్ల ఇష్టంగా చేస్తున్న పనికి డబ్బు ఆశ పెట్టకండి. పాట పాడే పిల్లకి పాటకింత అనకండి. బొత్తిగా మొదలుపెట్టని పనికి, భయపడి దూరంగా ఉంటున్న పనికి, చిన్న మొత్తం, కొద్దికాలం ఇవ్వవచ్చు. ఇచ్చేది పనికే ఉండాలి, మార్కుకి కాదు.

ఉదాహరణకి లెక్కలంటే భయపడే ఆరో తరగతి పిల్లవాడిని తీసుకుందాం. "లెక్కల్లో 90 వస్తే 500" అని చెప్పకండి. ఒక తప్పుల పుస్తకం పెట్టించండి. స్లిప్ టెస్టులో పోయిన లెక్కని అందులో ఎత్తి రాసి, ఎక్కడ తప్పిందో ఒక వాక్యంలో రాసి, మళ్లీ చేయాలి. రోజుకి రెండు లెక్కలు. చేసిన రోజు క్యాలెండర్ మీద టిక్కు, టిక్కుకి 5 రూపాయలు. తప్పులకి తిట్లు పడే ఇంట్లో పిల్లలు పేపర్లు దాచేస్తారు. ఈ పద్ధతిలో తప్పు దొరికితేనే పుస్తకంలో రాయడానికి ఏదైనా ఉంటుంది, అందుకని పేపర్ వాళ్లే తెచ్చి చూపిస్తారు. ఇది ఆరు వారాలే అని మొదటి రోజే చెప్పండి. మొదటి మూడు వారాలు టిక్కుకి 5 రూపాయలు, తర్వాత మూడు వారాలు డబ్బు లేదు, వారమంతా టిక్కులు పడితే ఆదివారం వాడు చెప్పిన చోటికి షికారు. భవానీ ద్వీపానికి పడవలో వెళ్దామంటారో, కృష్ణ ఒడ్డున కూర్చుని మొక్కజొన్న పొత్తు తిందామంటారో వాళ్ల ఇష్టం. ఆ తర్వాత ఆపేయండి. అప్పటికి అలవాటు పడితే సంతోషం. పడకపోతే కష్టం ఇంకెక్కడో ఉంది. డబ్బు పెంచినంత మాత్రాన అది పోదు, టీచరుతో కూర్చుని మాట్లాడాలి.

తెలుగు చదవడానికి కూడా ఇదే పని చేస్తుంది. ఇంగ్లిష్ మీడియంలో పడి ఒత్తులు చూస్తేనే తడబడే పిల్లలు మన వీధుల్లో ఎందరో. చిన్న కథల పుస్తకం ఒకటి చదివి, ఆ కథ అమ్మమ్మకి ఫోన్‌లో చెప్తే 10 రూపాయలు. క్విజ్ పని అమ్మమ్మే చూసుకుంటుంది. "ఆ నక్క చివరికి ఏమైందమ్మా?" అని ఆవిడ అడుగుతుంది కదా. పిల్ల తనంతట తను ఇంకో పుస్తకం అడిగిన రోజు నుంచి డబ్బు మాట ఎత్తకండి. అప్పటికీ డబ్బే ఇస్తూ పోతే, పుట్టిన ఇష్టాన్ని మనమే చెడగొట్టిన వాళ్లమవుతాం.

ఫలితాలు వచ్చిన రోజు ఎలా వచ్చినా ఐస్‌క్రీమ్ తినిపించండి. ముందు చెప్పకుండా ఇచ్చే సంతోషం వల్ల నష్టం లేదు.

తప్పు కొనుగోలు జరగనివ్వండి

అమ్మానాన్నలకి అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. దసరాల్లో దుర్గమ్మ కొండ కింద బొమ్మల అంగళ్లు వరసగా పెడతారు. మా వాడు రెండో తరగతిలో ఉండగా, నాలుగు వారాలు దాచిన డబ్బు పట్టుకుని అక్కడ లైట్లు వెలుగుతూ తిరిగే బొంగరం ఒకటి చూశాడు. ప్లాస్టిక్ పలచగా ఉంది, ఎక్కువ రోజులు ఆగదని చూడగానే తెలుస్తోంది. "ఒకసారి ఇంకో రెండు అంగళ్లు చూద్దామా నాన్నా?" అని అడిగాను. "వద్దు, ఇదే" అన్నాడు. కొనుక్కున్నాడు. ఇంటికొచ్చి గచ్చు మీద తిప్పుతుంటే అదే రాత్రి లైటు పోయింది. ఏడ్చాడు. దగ్గరికి తీసుకున్నాను గానీ, ఇంకోటి కొనిస్తాననలేదు, నేను ముందే చెప్పానని కూడా అనలేదు. మరుసటి ఏడు అదే వీధిలో కీ ఇచ్చే కారు ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసి, "బాబాయ్, దీనికి సెల్స్ మార్చొచ్చా? ఒకసారి నడిపి చూపించు" అన్నాడు. సెల్స్ లేవు, కీ బొమ్మ అది. ఆ సంగతి అతను చెప్పాక ఇంకాసేపు చూసి, పెట్టేసి వచ్చేశాడు.

అరవై రూపాయలతో ఏడేళ్లప్పుడు నేర్చుకునే పాఠం ఇరవై అయిదేళ్లప్పుడు అరవై వేలతో నేర్చుకోవాల్సి వస్తే చాలా బరువు. అందుకని ఆపకండి. ప్రమాదకరమైనవి, ఆరోగ్యం పాడుచేసేవి, ఇంటి నియమానికి విరుద్ధమైనవి ఏవో ముందే జాబితా చెప్పేయండి. మిగతావన్నీ వాళ్ల ఇష్టం. కొనేముందు మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే చాలు: "ఇది కొంటే దాచేదాంట్లో ఎంత మిగులుతుంది?"

దీపావళికి టపాకాయల డబ్బు కూడా మొత్తంగా వాళ్ల చేతికి ఇచ్చి, జాబితా వాళ్లనే రాయమనండి. కాకరపువ్వొత్తులు ఎన్ని, చిచ్చుబుడ్లు ఎన్ని అని అన్నాచెల్లెళ్లు కూర్చుని తెగ లెక్కలు వేస్తారు. కాల్చేటప్పుడు మాత్రం మీరు పక్కనే ఉండాలి.

రైతుబజార్‌కి తీసుకెళ్లండి

డబ్బు విలువ గురించి గంట చెప్పే కంటే, రైతుబజార్‌లో అరగంట తిప్పడం మేలు. 1999లో మొదలైన ఈ బజార్లలో ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటుంది. బేరం ఉండదు గనక పిల్లలకి బెరుకు ఉండదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లకి చీటీ రాసి, వంద రూపాయలు ఇవ్వండి: అర కిలో టమాటా, పావు కిలో పచ్చిమిర్చి, రెండు కట్టలు గోంగూర, కిలో ఉల్లిపాయలు. ముందు బోర్డు చదివి, వందలో అన్నీ వస్తాయో రావో నోటితో లెక్క వేసి చెప్పాలి. రాకపోతే ఏది తగ్గించాలో కూడా తనే చెప్పాలి. టమాటా ఏరుకునేటప్పుడు మచ్చలున్నది, మెత్తబడింది ఎలా గుర్తుపట్టాలో చూపించండి. చిల్లర తిరిగి తీసుకుని అక్కడే లెక్కపెట్టుకోవడం నేర్పండి.

సాయంత్రం వీధిలోకి తోపుడుబండి వచ్చినప్పుడు అవే కూరగాయల ధర అడిగి రమ్మనండి. నాలుగు రూపాయలు ఎక్కువుంటే "మోసం" అనేస్తారు. అప్పుడు మాట్లాడండి. ఆయన తెల్లారకముందే మార్కెట్‌కి వెళ్లి తెచ్చాడు, ఎండలో బండి తోసుకుంటూ మన గుమ్మం దాకా వచ్చాడు, మనం వెళ్లి రావడానికి పెట్రోలు మిగిలింది. ఆ నాలుగు రూపాయలు దేనికో పిల్లలే చెప్పగలుగుతారు. గుంటూరులో ఉండేవాళ్లయితే మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే ఆడవాళ్ల పని గురించి చెప్పండి. రోజంతా ఆ ఘాటులో కూర్చుంటే వచ్చేది ఒక రోజు కూలి. వస్తువు ధరని పని దినాల్లో ఊహించగలిగిన పిల్లలు, కొనమని మారాం చేసేముందు ఒక్క క్షణం ఆగుతారు.

మిగిలిన చిల్లర నీదేనని మాత్రం ముందుగా అనకండి. నాసిరకం కూరగాయలు తెచ్చి చిల్లర మిగుల్చుతారు.

అప్పు, వడ్డీ, జరిమానా

వచ్చే వారం డబ్బు ముందే ఇమ్మని అడుగుతారు. అప్పుడప్పుడు ఇవ్వండి, అదీ నేర్చుకోవాల్సిందే. కాగితం మీద రాసి సంతకం పెట్టించండి. అప్పు తీర్చుకోవడానికి వారం డబ్బులో సగం కంటే ఎక్కువ కోయకండి, పాతది తీరే దాకా కొత్తది ఇవ్వకండి.

దాచిన దానికి ఇంట్లోనే వడ్డీ ఇవ్వండి. మన వైపు వడ్డీ లెక్క నూటికి నెలకి ఇన్ని రూపాయలని కదా. నెలాఖరున "దాచేది" సీసాలో ప్రతి వంద మీదా రెండు రూపాయలు వేయండి. పిల్లలకి వడ్డీ కళ్లబడాలంటే ఇలా నెలనెలా కనిపించాలి. కాస్త పెద్దయ్యాక అదే రెండు రూపాయల వడ్డీ ఏడాదికి నూటికి 24 రూపాయలవుతుందని, పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఏడాదికి నూటికి 4 రూపాయలే వస్తాయని చూపించండి. బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన ఇంటి మీద ఎంత బరువు పడుతుందో ఎనిమిదో తరగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే లెక్కకట్టి చెప్పగలరు.

కోపం వచ్చినప్పుడు పాకెట్ మనీ కోయడం మానేయండి. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో డే కేర్ సెంటర్ల మీద జరిగిన పరిశోధన 2000లో వచ్చింది. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి జరిమానా పెట్టారు. ఆలస్యాలు పెరిగాయి! అంతకుముందు టీచరమ్మని కూర్చోబెట్టామే అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక డబ్బు కట్టేస్తున్నాం కదా అనుకున్నారు. జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు తగ్గలేదు. ఇంట్లోనూ అంతే. చెల్లిని కొడితే పది రూపాయలు కోత అంటే, కొట్టడానికి రేటు పది రూపాయలని వాడికి అర్థమవుతుంది. కొట్టినందుకు క్షమాపణ చెప్పించాలి. వస్తువు పగలగొడితే మాత్రం బాగు చేయించే ఖర్చులో కొంత వాళ్ల సీసాలోంచి తీయించడం న్యాయమే.

రాత, బ్యాంకు, ఫోను

తొమ్మిదేళ్ల నుంచి చిన్న పద్దుల పుస్తకం పెట్టించండి. తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది, అంతే. మా ఇంట్లో ఒక పేజీ ఇలా ఉంది: "ఆది: అమ్మ ఇచ్చింది 50. మంగళ: పునుగులు 20. గురు: స్కెచ్ పెన్ను 10. శుక్ర: ఫ్రెండ్‌కి అప్పు 5, ఇంకా ఇవ్వలేదు. శని: మిగిలింది 15." దాన్ని చదివి "పునుగులకి ఇరవయ్యా!" అని అనకండి. అన్నారంటే వచ్చే వారం నుంచి అబద్ధం రాస్తారు. ఆదివారం డబ్బు ఇచ్చేటప్పుడు కూడిక సరిపోయిందో లేదో చూడండి, చాలు.

సంక్రాంతికి మేనమామ, పుట్టినరోజుకి తాతయ్య ఇచ్చే వందలు, అయిదొందలు ఈ లెక్కని ఒక్క రోజులో తలకిందులు చేస్తాయి. మొత్తం మీరు తీసేసుకుంటే వాళ్లకి కష్టం, మొత్తం చేతిలో ఉంచితే వారం వారం వచ్చే 50కి విలువ ఉండదు. పదో వంతు ఖర్చుకి, మిగతాది వాళ్ల పేరున బ్యాంకుకి అని ఇంట్లో అందరికీ ముందే చెప్పేయండి. తాతయ్యలతో కాస్త నచ్చజెప్పాల్సి ఉంటుంది. "నాన్నగారూ, మీరిచ్చింది వాడి ఖాతాలోనే వేస్తున్నాం" అంటే సంతోషిస్తారు.

పదేళ్లు నిండిన పిల్లలు తమంతట తాము పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి. 2025 ఏప్రిల్‌లో వాటిని మళ్లీ సవరించి చెప్పింది. ఎంత దాకా ఉంచుకోవచ్చు, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది ఏ బ్యాంకుకి ఆ బ్యాంకు నిర్ణయించుకుంటుంది. ఖాతాలో ఉన్నదానికి మించి తీయడానికి వీలుండదు. పదేళ్ల లోపు వాళ్లకి అమ్మ గానీ నాన్న గానీ సంరక్షకులుగా ఉండి తెరవవచ్చు. పోస్టాఫీసులో కూడా పదేళ్లు దాటిన పిల్లల పేరున ఖాతా తెరుస్తారు, కనీసం 500 ఉండాలి. అక్కడే నెలకి 100 రూపాయల రికరింగ్ డిపాజిట్ ఉంది, అయిదేళ్లు కట్టాలి. ఆరో తరగతిలో చేరగానే మొదలుపెడితే టెన్త్ అయ్యేసరికి పూర్తవుతుంది. 6.7 శాతం వడ్డీ లెక్కన, కట్టిన 6,000 కాస్తా 7,100 రూపాయలు దాటుతుంది. డిపాజిట్ స్లిప్ వాళ్ల చేతే నింపించండి. కౌంటర్ దగ్గర నిలబడి, డబ్బు ఇచ్చి, స్టాంపు వేసిన కాగితం తీసుకోవడం పిల్లలకి గుర్తుండిపోతుంది.

పన్నెండేళ్ల దాకా నగదే మంచిదని నా అభిప్రాయం. స్కాన్ చేస్తే పోయే డబ్బు కంటికి కనపడదు, సీసా ఖాళీ అయితే కనపడుతుంది. ఆ తర్వాత యూపీఐ నేర్పక తప్పదు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ పద్ధతిలో మీ ఖాతా నుంచి ఇంట్లో ఇంకొకరు చెల్లించేలా అనుమతి ఇవ్వవచ్చు. ప్రతి చెల్లింపూ మీరు ఒప్పుకుంటేనే వెళ్లేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకి ఒక పరిమితి పెట్టి వదలవచ్చు. మొదట్లో మీరు ఒప్పుకునే పద్ధతే వాడండి. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదని, పిన్ అడిగారంటే డబ్బు పోతోందని, ఓటీపీ ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పకూడదని ఫోన్ ఇచ్చిన రోజే చెప్పాలి.

హాస్టల్‌కి పంపే లోపు

మన పిల్లల్లో చాలామంది పదిహేనేళ్లకే ఇంటర్ హాస్టళ్లకి వెళ్తారు. తొమ్మిదో తరగతి నుంచే నెల డబ్బు ఒకేసారి ఇవ్వడం మొదలుపెట్టండి. సబ్బులు, రికార్డులు, జిరాక్సులు, ఫోన్ రీచార్జ్, కటింగ్, అన్నీ అందులోనే. మొదటి రెండు నెలలు ఇరవయ్యో తేదీకే అయిపోతుంది. అప్పుడు మిగతా పది రోజులకి అవసరమైనవి మాత్రం మీరే కొనిపెట్టండి, చేతికి డబ్బు ఇవ్వకండి. మూడో నెల నుంచి తనే రెండు కవర్లు పెట్టుకుని, పదిహేనో తేదీ దాకా ఒకటి, తర్వాత ఒకటి అని వాడటం మొదలుపెడితే, ఆ నెల నుంచి పద్దుల పుస్తకం చూపించమని అడగడం మానేయండి.